గోడకు ఆనుకున్న సైకిళ్లను మళ్లీ రోడ్డెక్కించిన అందరికీ కృతజ్ఞతలు

ఒత్తిడి పెరిగినప్పుడు సైకిల్ తొక్కబుద్ధి కావడం లేదు, ఏం చేయాలి అని మేం అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా జవాబిచ్చారు. ప్రతి ఒక్కరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. "బద్ధకం వదిలించుకోండి" అని ఒక్కరూ అనలేదు. అందుకు మరీ మరీ కృతజ్ఞతలు. మీరు చెప్పినవాటిలో పనికొచ్చినవన్నీ లెక్కలతో సహా ఇక్కడ రాసిపెడుతున్నాం. ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

ముందుగా వ్యాయామ శాస్త్రం చదువుకున్న తమ్ముడికి. ఇది సోమరితనం కాదని ఋజువుతో సహా చూపించాడు. 2009లో శామ్యూలె మార్కోరా అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 16 మందితో ఒక ప్రయోగం చేశారు. ఒకరోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏకాగ్రత చెదరకూడని పని చేయించి, వెంటనే గట్టి లోడు మీద సైకిల్ తొక్కించారు. ఇంకోరోజు అంతే సేపు డాక్యుమెంటరీలు చూపించి తొక్కించారు. బుర్ర అలిసిన రోజు సగటున 640 సెకన్లకే ఆగిపోయారు. డాక్యుమెంటరీలు చూసిన రోజు 754 సెకన్ల దాకా తొక్కారు. ఈ తేడాకు గుండెలోనో కండరాల్లోనో కారణం దొరకలేదు. తొక్కడం మొదలుపెట్టినప్పటి నుంచే శ్రమ ఎక్కువగా అనిపించింది, అంతే.

ఒత్తిడిలో ఉన్న మనిషికి జరిగేదీ ఇదే. రోజూ ఎక్కే చిన్న ఎత్తే ఒక్కసారిగా కొండలా కనిపిస్తుంది. "నా స్టామినా పోయింది" అనుకుని పట్టుదలగా ఇంకా గట్టిగా తొక్కుతారు. అది నరకంలా ఉంటుంది, మర్నాడు సైకిల్ వైపు చూడబుద్ధి కాదు. తమ్ముడు చెప్పిన మార్గం: అలాంటి రోజు మామూలుగా వాడే గేరు కంటే రెండు గేర్లు తేలిగ్గా పెట్టుకోవాలి, స్పీడు చూపించే మీటరు తీసి జేబులో వేసుకోవాలి, పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగినంత నెమ్మదిగానే వెళ్లాలి. వీలైతే బుర్ర తాజాగా ఉన్న పొద్దుటి పూట.

సైకిల్ మెకానిక్ బాబాయి చెప్పింది మాకెవరికీ తట్టలేదు. "మనసు సంగతి తర్వాత చూద్దాం, ముందు టైరు నొక్కి చూడు" అన్నారు. ట్యూబులోంచి గాలి ఎప్పుడూ కొద్దికొద్దిగా పోతూనే ఉంటుంది. నెల రోజులు కదలని సైకిల్ ఎక్కితే ఇసుకలో తొక్కినట్టు ఉంటుంది. తప్పు టైరుది, మనం తిట్టుకునేది మన కాళ్లని. బాబాయి ఇచ్చిన అంచనా, 70 కిలోల మనిషికి: 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకు 70 నుంచి 80 పీఎస్ఐ (గాలి పీడనం కొలత), 35 మిల్లీమీటర్లదానికి 50 నుంచి 60, లావు మౌంటెన్ టైరుకు 30 చుట్టుపక్కల. బరువు వెనక ఎక్కువ పడుతుంది కాబట్టి వెనక చక్రానికి ఓ 5 ఎక్కువ. ఏదైనా సరే, టైరు పక్కగోడ మీద అచ్చేసిన హద్దులు దాటొద్దు. గాలి తక్కువగా ఉంచి గుంతలో పడితే ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సన్న వాల్వు అయితే కొనమీది చిన్న మర వదులు చేసి, వేలితో ఒక్కసారి నొక్కి "టుస్" మనిపించాకే పంపు తగిలించాలి. లేకపోతే వాల్వు అతుక్కుపోయి, గాలి లోపలికి పోకుండానే మీటరు ముల్లు పైకి లేస్తుంది.

ఇక చైను. పొడిగుడ్డతో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడిస్తే, పైపైన పట్టిన తుప్పయితే గుడ్డకి నారింజ రంగులో వచ్చేస్తుంది. తర్వాత కింది వరస చైను లోపలి వైపు నుంచి, ఒక్కో రోలరు (లింకు పలకల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క చైను ఆయిలు. పది నిమిషాలు ఆగి, బయట మెరిసే ఆయిలంతా తుడిచెయ్యాలి. ఈ తుడవడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. ఆయిలు పని చేయాల్సింది రోలరు లోపల. పైన మిగిలిపోతే దుమ్ము పట్టి గరుకు ముద్దలా తయారై, చైన్నీ పళ్లచక్రాన్నీ అరగదీస్తుంది. వెనక గేరు దగ్గర ప్రతిసారీ ఒకేచోట చైను ఎగిరిపడుతుంటే అక్కడ ఒక లింకు బిగుసుకుందని అర్థం. దాన్ని అటూ ఇటూ మెల్లగా వంచితే వదులవుతుంది. 12 పూర్తి లింకులు (లోపలి లింకు, బయటి లింకు కలిస్తే ఒక పూర్తి లింకు) కొత్తలో పిన్ను నుంచి పిన్నుకి సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కు ఏ ఆయిలూ డిస్కు దరిదాపుల్లో స్ప్రే చేయొద్దు, బ్రేకు పట్టదు. ఆఖరుగా చక్రం చేత్తో తిప్పి వదిలి చూడండి. ఏదో రాసుకుంటూ తొందరగా ఆగిపోతే బ్రేకు తగులుతోందన్నమాట. మొత్తం అరగంట పని. మా దృష్టిలో ఈ అరగంటే అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. సైకిల్ తయారుగా ఉంటే వంక సగం పోతుంది.

కౌన్సెలింగ్ చేసే అక్కకి రెండు నమస్కారాలు. "కుదిరితే తొక్కుతా" అనే మాట పనిచేయదు, ఎప్పుడో ఎక్కడో ముందే ముడివేసుకోవాలి అని చెప్పారు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో రాసిన వ్యాసంలో వివరించింది ఇలాంటి పద్ధతే: ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను. ఉదాహరణకు, "పని ముగించి లాప్‌టాప్ మూయగానే హెల్మెట్ చేతిలోకి తీసుకుంటా." గంట తొక్కుతా అని కాదు, హెల్మెట్ తీసుకుంటా అని మాత్రమే. పది నిమిషాల తర్వాత వెనక్కి తిరగొచ్చని ముందే అనుమతి ఇచ్చుకోవాలి. అందుకే చుట్టు తిరిగి వచ్చే దారి కాకుండా, ఎక్కడైనా వెనుదిరగగలిగే తిన్నని దారి ఎంచుకోమన్నారు. పది నిమిషాలేం లెక్క అనుకునేవాళ్లకు ఒక మాట: వ్యాయామం ఒక విడతలో కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత నియమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. ఎంత చిన్నదైనా లెక్కలోకి వస్తుంది.

అక్క గట్టిగా చెప్పిన హెచ్చరిక కూడా ఉంది. సైకిలే కాదు, ఏదీ ఇష్టంగా అనిపించకుండా, నిద్ర, ఆకలి దెబ్బతిని రెండు వారాలు దాటితే అది ఉత్సాహం సమస్య కాదు, డాక్టర్ని కలవాలి. జ్వరం ఉన్నా, ఛాతీలో నొప్పి వచ్చినా తొక్కొద్దు.

నెల పైగా మానేసినవాళ్లకు వారాలవారీ పట్టిక రాసిచ్చిన పెద్దాయనకి: మొదటి వారం రోజు విడిచి రోజు మూడుసార్లు, 15 నుంచి 20 నిమిషాలు, చదును రోడ్డు మీదే. రెండో వారం 25. మూడో వారం 30 నుంచి 40, అందులో ఒక్కరోజు చిన్న ఎత్తు. పాత గుంపుతో కలవడం నాలుగో వారం తర్వాతే. మానేసిన తొలి వారాల్లోనే రక్తంలో ద్రవభాగం తగ్గుతుంది, దాంతో అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మళ్లీ మొదలుపెడితే ముందు కోలుకునేదీ అదే, కంగారు పడనక్కర్లేదు. సీటు మీద కూర్చునే చోట నొప్పి కొన్నిసార్లు తొక్కితే సర్దుకుంటుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుపోతోందని అర్థం. పట్టు మార్చుతూ ఉండాలి. సీటు ఎత్తుకు ఆయన చెప్పిన కొలత: మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు సరిగ్గా నిటారుగా రావాలి.

రోజూ తప్పకుండా తొక్కే ఛాలెంజ్ పెట్టుకోమని కొందరు సూచించారు. అభిమానంతో చెప్పారు, అందుకు ధన్యవాదాలు. కానీ ఒత్తిడి రోజుల్లో అది మాకు నచ్చలేదు. ఒక్కరోజు తప్పగానే అంతా పోయినట్టు అనిపిస్తుంది. వారానికి మూడుసార్లు, ఏ రోజైనా సరే అనే లెక్క మేలు.

చివరగా, ఏ సలహా చెప్పకుండా మెసేజ్ ఒక్కటి పంపిన స్నేహితురాలికి. మీ తోటివాళ్లెవరైనా సైకిల్ మానేసి ఉంటే ఇలాగే పంపండి. "ఎప్పుడొస్తావ్?" అని అడిగితే నిర్ణయం మళ్లీ అలిసిన బుర్ర మీదే పడుతుంది. ఆమె రాసింది ఇది: "రేపు ఆరున్నరకి మీ గేటు దగ్గర ఉంటా. ఇరవై నిమిషాలే. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. పంపు నేను తెస్తా."