వేడినీటి గుండంలోకి సబ్బుతో దిగకండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి వస్తే చాలు, జిల్లా పేజీల్లో లద్దాఖ్ టూర్ల ప్రకటనలు కనిపిస్తున్నాయి. రాజమండ్రి నుంచి, అమలాపురం నుంచి బస్సుల కొద్దీ జనం వెళ్తున్నారు. పోయిన మే నెలలో మేమూ వెళ్ళొచ్చాం. దాళ్వా కోతలు అయిపోయి, కాలువలు కట్టేశాక మా ఇంట్లో కాస్త తీరిక దొరికేది అప్పుడే. ముప్ఫై రెండేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో నిలబడి పాఠాలు చెప్పిన మోకాళ్ళు నావి. ఆ ఎడారిలో వేడినీటి బుగ్గలున్నాయని, కాసేపు కూర్చుంటే నొప్పులు తగ్గుతాయని విని సరదా పడ్డాను. ఆ నీళ్ళ గురించే ఈ ఉత్తరం.

ఎడారి అనగానే మండే ఇసుక అనుకుంటాం కానీ ఇది చలి ఎడారి. లద్దాఖ్ ముఖ్య పట్టణం లేహ్‌లో ఏడాది పొడుగునా పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. మా కోనసీమలో వాయుగుండం పడితే ఒక్క రోజులో అంత కురిసిన సందర్భాలున్నాయి. ఖర్దుంగ్ లా కనుమ దాటి నుబ్రా లోయలోకి దిగితే ఒక పక్క ఇసుక తిన్నెలు, రెండు మూపురాల ఒంటెలు. ఆ లోయలోనే సియాచిన్ వైపు వెళ్ళే రోడ్డు మీద పనామిక్ అనే ఊరుంది. పూర్వం మధ్య ఆసియాలోని యార్కండ్ వెళ్ళే వర్తకులు సరుకుల గుర్రాలతో ఇక్కడ ఆగి, ఆ తర్వాతే సాసెర్ కనుమ ఎక్కేవారట.

వేడినీటి బుగ్గ ఆ ఊరి కొండవాలులో ఉంది. నీరు జారిన రాళ్ళన్నీ తుప్పు రంగు. దీపావళి మర్నాడు పొద్దున్న వీధిలో వచ్చే గంధకం వాసన. బుగ్గ దగ్గర చెయ్యి పెట్టలేం, అంత వేడి. స్నానాల గది తొట్టిలోకి వచ్చాక చల్లార్చుకుని దిగాలి. ఆడవాళ్ళకు వేరే గది. మెల్లగా మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా దిగాను. బయట చలిగాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, లోపల ఒళ్ళంతా వదులైపోయింది. నొప్పి మాయమైందని చెప్పను కానీ, ఆ సాయంత్రం హోటల్ మెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కాను. చాలా రోజుల తర్వాత.

మేమింకా తొట్టిలో ఉండగానే మా బృందంలో ఇద్దరు షాంపూ ప్యాకెట్లు చింపారు. ఇంకొకరు సబ్బు తీశారు. వేడినీళ్ళు ఎటూ ఉన్నాయి, తలంటు పోసుకుందామని. తొట్టి అంతా నురగ. ఖాళీ ప్యాకెట్లు తూము మూతి దగ్గర చేరాయి. మూల కూర్చున్న ఒక లద్దాఖీ ముసలమ్మ లేచి వచ్చి, ఒక్కొక్కటే ఏరి తన కొంగులాంటి గుడ్డలో మూట కట్టుకుంది. ఒక్క మాట అనలేదు. నాకు సిగ్గేసి నేనూ వంగి నాలుగు తీశాను. "జూలే" అంది నాతో. వాళ్ళ నమస్కారం అదే, థాంక్స్ కూడా అదే. తర్వాత నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి చేత్తో చూపించింది. తూములోంచి వచ్చిన నీరు గోడ కిందుగా పోయి ఒక సన్నటి బోదెలో కలుస్తోంది. ఆ బోదె పక్కన అప్పుడే మొలకెత్తిన బార్లీ చేను.

నాకు గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. మాది శివారు ఆయకట్టు, అంటే కాలువ చివరి పొలాలు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు ఎన్ని ఊళ్ళు దాటితే మా చేను చేరుతుందో మాకు తెలుసు. పైవాళ్ళు బట్టలుతికిన నురగ, గేదెలు కడిగిన నీరు, చెత్త, గుర్రపుడెక్క, అన్నీ మోసుకుంటూ వస్తుంది. పిల్లలకి ఒళ్ళు దురదలు పెడితే ముందు కాలువనే అనుమానిస్తాం. శివారులో పుట్టి పెరిగిన నేను అక్కడ పైవాళ్ళలో ఒకదాన్నయ్యాను. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

లద్దాఖ్ పల్లెల్లో నీటి వంతులు చూడటానికి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టుకుంటారు, చుర్‌పోన్ అంటారు. మన కాలువల మీద ఉండే లస్కరు లాంటివాడు. మంచు కరిగి వచ్చే నీటిని ఎవరి చేనుకి ఎంతసేపు వదలాలో అతనే చూస్తాడు. అంత పొదుపుగా నీళ్ళు వాడుకునే వాళ్ళ దగ్గరికి వెళ్ళి మనం నురగ వదిలి వస్తున్నాం.

లేహ్ నుంచి సో మొరీరీ సరస్సుకి వెళ్ళే దారిలో చుమాథాంగ్ బుగ్గలు కూడా చూశాం. అక్కడైతే సింధు నది ఒడ్డునే నీరు కుతకుతలాడుతూ ఉంటుంది. పక్కనే మంచునీటి ఏరు, మధ్యలో ఆవిరి. అగ్నిపర్వతం ఏమీ లేదు. మన భూఫలకం ఆసియాను ఢీకొని హిమాలయాలు లేచిన చోట నేల లోతుగా పగిలి ఉంది. మంచు నీరు ఆ పగుళ్ళలోంచి లోపలికి ఇంకి, కాగి, మళ్ళీ పైకి వస్తోంది. అక్కడ కూడా నేల మీద పాన్ మసాలా కవర్లు. తెలుగు అక్షరాలున్న చిప్స్ ప్యాకెట్ ఒకటి కూడా కనిపించింది.

ఇంత దూరం ఎందుకు, మన గోదావరి ఒడ్డునే భద్రాచలం దగ్గర గుండాలలో వేడినీటి బుగ్గ ఉంది. రాములవారి దర్శనానికి వెళ్ళినవాళ్ళు అక్కడ ఆగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటారు. అక్కడ ఏం వదిలినా ధవళేశ్వరం మీదుగా మన కాలువల్లోకే రావాలి. అందుకని అక్కడికీ ఇదే మాట.

నాలాంటి పెద్దవాళ్ళకి ఇంకో మాట. లేహ్ 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. విమానం దిగిన మొదటి రెండు రోజులు రూమ్‌లోనే పడుకోండి, చూడాల్సినవి ఎక్కడికీ పోవు. వేడినీళ్ళలో పది, పదిహేను నిమిషాలు దాటి కూర్చోవద్దు. ఆ వేడికి రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మా బృందంలో ఒక బాబాయిగారు అలాగే తూలి పడబోతే పక్కవాళ్ళు పట్టుకున్నారు, అందరికీ కాసేపు టెన్షన్. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి.

టూర్లు నడిపేవారికి నా విన్నపం ఒకటే. ఎక్కడ టిఫిన్, ఎక్కడ ఫొటో అన్నీ బస్సులో మైకులో చెబుతారు కదా, ఇది కూడా చెప్పండి: స్నానం, తలంటు హోటల్లోనే ముగించుకోండి, సబ్బు, షాంపూ బ్యాగులోనే ఉంచి గుండంలోకి దిగండి, తెచ్చిన కవర్లు తిరిగి పట్టుకెళ్ళండి. మీ పత్రిక కూడా ఆ ప్రకటనల పక్కన ఈ రెండు ముక్కలు వేస్తే, వచ్చే మే నెలలో ఆ ముసలమ్మకి వంగి ఏరాల్సిన పని కొంతైనా తగ్గుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ముమ్మిడివరం దగ్గరి శివారు గ్రామం, కోనసీమ