పార్కు కంచెకు బలుసు పెట్టండి

సంపాదకుడు గారికి,

మా పట్టణంలో పిల్లల పార్కు చుట్టూ ఈమధ్య డురాంటా నాటారు. పసుపు పచ్చని ఆకులతో చూడ్డానికి బాగానే ఉంది. కత్తెర పడుతున్నంత కాలం ఫర్వాలేదు. కొన్నాళ్లు తోటమాలి రాకపోతే మాత్రం పూత పూసి, పసుపు కాయలు గుత్తులుగా వేలాడతాయి. అవి విషం. పిల్లల పార్కులో! అంతకుముందు అక్కడ కోనోకార్పస్ ఉండేది. జనం గొడవ చేస్తే కొట్టేశారు. తెలంగాణలోనూ హరితహారం కింద ఊరూరా దాన్ని పెట్టి, తర్వాత వద్దన్నారు. గుజరాత్ 2023లో నిషేధించింది. ఒక పరాయి మొక్క పోయిందంటే ఇంకో పరాయి మొక్క రావాల్సిందేనా?

మన బలుసు ఏం పాపం చేసింది? 'బతికుంటే బలుసాకు తినొచ్చు' అని మాటకు ముందు అనేస్తాం గానీ, ఆ ఆకు ఎలా ఉంటుందంటే చెప్పగలిగేవాళ్లు ఎందరు? ఊరి పేరే బలుసుపాడు అయ్యేంతగా మన నేలకు తెలిసిన పొద ఇది. కణుపు కణుపుకీ ఎదురెదురుగా రెండు ముళ్లు, వాటి దగ్గరే గుత్తిగా చిన్న ఆకులు. కాయ పండితే పసుపు రంగుకు తిరుగుతుంది, తలమీద చిన్న నొక్కు ఉంటుంది. గుజ్జు తక్కువ, తీపి ఎక్కువ. చిన్నప్పుడు పికిలిపిట్టలతో పోటీపడి తినేవాళ్లం. లేత ఆకు ఏరి మా అమ్మమ్మ పెసరపప్పులో వేసేది.

ముళ్ల మొక్క పిల్లల దగ్గరెందుకు అంటారేమో. లోపల వద్దు, బయటి కంచెకే పెట్టండి. ఇప్పుడక్కడున్న ఇనుప ముళ్ల తీగ కన్నా నయమే కదా.

అసలు చిక్కు వేరే ఉంది. బలుసు ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. పార్కు వెనక గోడవార దానంతటదే మొలిచిన పొద ఒకటి ఉండేది. నిరుడు మే నెలలో చచ్చిపోయిందనుకుని పనివాళ్లు పీకేశారు. రోడ్డు పక్కన పడేసిన కొమ్మ తీసి గోరుతో గీకి చూశాను, లోపల పచ్చగానే ఉంది.

నర్సరీల్లో ఈ మొక్క దొరకడం కష్టం. పండ్లు ఏరి, గింజలు సంచుల్లో పెట్టి మొలిపించుకోవాలి. మునిసిపల్ అధికారులు ముందు ఒక్క పార్కులో మొదలుపెట్టి చూడాలని కోరుతున్నాను. పెట్టాక, మోడుగా కనిపించినా వానలు పడేదాకా ముట్టుకోవద్దని తోటపని వాళ్లకు ముందే చెప్పాలి.

— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా