వాట్సాప్ సేవలు మంచివే, మన వివరాల లెక్క కూడా చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలు వద్దని ఈ ఉత్తరం రాయడం లేదు. రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి. కుల ధ్రువపత్రం కోసం కూలి మానుకుని మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్లను కళ్లారా చూశాను. అందుకే 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ను మొదలుపెట్టినప్పుడు నిండుగా సంతోషించాను. ఆ మరుసటి నెలలోనే ఇంటర్ పిల్లల హాల్ టికెట్లు నేరుగా ఫోన్లోకి వచ్చాయి. ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ ఆపే కాలేజీలకు అంతకంటే మంచి జవాబు లేదు. తెలంగాణ కూడా మీసేవను వాట్సాప్‌లోకి తెచ్చింది. అయితే, కొత్త సేవలు ఇంకా కలిపే ముందు ఒక సంగతి తేల్చాలి. మనం పంపే వివరాలు ఎక్కడ ఉంటున్నాయి, ఎవరు చూడగలరు, ఈ దారి మూసుకుపోయిన రోజున రెండో దారి ఏది?

మనకు ఈ విషయంలో అనుభవం తక్కువేమీ కాదు. ప్రభుత్వ సేవలను ఒకే కౌంటర్‌లో ఇచ్చే ప్రయోగం 1999లో హైదరాబాద్‌లో ‘ట్విన్స్’ పేరుతో జరిగింది. 2001లో అదే ఈసేవ అయింది. 2011లో మీసేవ వచ్చి, తహసీల్దారు డిజిటల్ సంతకంతో కౌంటర్ దగ్గరే పత్రం చేతికిచ్చింది. కౌంటర్‌ను ప్రైవేటు వాళ్లు నడిపినా షరతులు రాసింది ప్రభుత్వమే. ఇప్పుడు పౌరుడు మొదట అడుగుపెట్టే చోటు ఒక విదేశీ కంపెనీది. అక్కడి నిబంధనలు ఆ కంపెనీ మార్చుకోగలదు, మన అసెంబ్లీ మార్చలేదు.

‘వాట్సాప్‌లో పంపింది మూడో మనిషికి కనబడదు కదా’ అని చాలామంది ధీమాగా ఉన్నారు. ఇద్దరు మనుషుల మధ్య అది నిజమే. ఒక సంస్థకు రాసినప్పుడు లెక్క వేరు. దారిలో ఎవరూ చదవకుండా సందేశానికి వేసే తాళం అవతలి సంస్థ పెట్టుకున్న సర్వర్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ సందేశాలను సంస్థ తరఫున వాట్సాప్ యజమాని మెటా కంపెనీ తన క్లౌడ్‌లోనే, అంటే ఇంటర్నెట్ ద్వారా నడిచే తన సర్వర్లలోనే, దాచి నడిపే పద్ధతి కూడా ఉంది. ఈ మాట వాట్సాప్ తన వివరణల్లో తానే చెబుతోంది. ఆధార్ నంబరు, ఆదాయం, కులం, పొలం సర్వే నంబరు పంపే రైతుకు ఈ తేడా తెలియాలి. మన మిత్ర నంబరు తెరవగానే మొదటి సందేశంలోనే, చదువుకున్నవాళ్లకు మాత్రమే అర్థమయ్యే భాషలో కాకుండా మామూలు తెలుగులో, ఏ వివరం ఎక్కడ ఎన్నాళ్లు ఉంటుందో రాయాలి. 2024 అక్టోబర్‌లో మెటాతో కుదిరిన ఒప్పందంలో పౌరుల సమాచారానికి సంబంధించిన షరతులను ప్రజల ముందు పెట్టాలి.

ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానంలో వినియోగదారులకు కాదనే అవకాశమే ఇవ్వలేదని తేల్చి, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ.213 కోట్ల జరిమానా వేసింది. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చదవండి. రాయితీలు, ధ్రువపత్రాలు, లైసెన్సులు ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ప్రతిసారీ పౌరుడి సమ్మతి అడగనక్కర్లేకుండా అందులో వెసులుబాటు ఉంది. అడిగే పని తప్పినప్పుడు చెప్పే బాధ్యత రెట్టింపు కావాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే ఉంది. ‘అరచేతిలో ప్రభుత్వం’ అంటున్నప్పుడు అది ఎవరి అరచెయ్యి? ఊళ్లలో స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లు నెట్ సెంటర్‌కో జిరాక్స్ షాపుకో వెళ్తున్నారు. షాపు కుర్రాడు తన ఫోన్‌ నుంచే దరఖాస్తు పెడతాడు. అతను మంచివాడే కావచ్చు. కానీ ఆధార్ నంబర్లు, ధ్రువపత్రాల పీడీఎఫ్‌లు ఆ ఒక్క ఫోన్ చాట్‌లో పేరుకుపోతాయి. ఆ ఫోన్ పోతే, అమ్మేస్తే, రిపేరుకు ఇస్తే? ఇంకో ఇంట్లో ఆధార్‌కు కొడుకు నంబరు లింకై ఉంటుంది. కొడుకు బెంగళూరులో డ్యూటీలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి వెళ్తుంది, తల్లి ఇక్కడ కూర్చుని ఉంటుంది. 2019 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు నడుస్తున్నాయి, వాటిలో డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. ఇలాంటివాళ్ల దరఖాస్తు సచివాలయం మిషన్ నుంచే వెళ్లాలి, రశీదు కాగితం మీద ఇవ్వాలి. వాట్సాప్ వచ్చింది కాబట్టి కౌంటర్‌లో మనిషి అక్కర్లేదనే ఆలోచన ఏ శాఖకూ రాకూడదు.

మోసగాళ్లు ఎటూ కాచుకునే ఉన్నారు. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ను దింపే ఫైళ్లు, పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. ప్రభుత్వం ఏపీకే ఫైలు పంపదని, డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ప్రతి పత్రంతో పాటు ఒక వాక్యం చేర్చడానికి ఖర్చేమీ కాదు.

ఇక క్లౌడ్. ఎక్కడో సురక్షితంగా ఉందిలే అనుకుంటే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది. 2025 సెప్టెంబర్ 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఆరు వందలకు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే ప్రభుత్వ క్లౌడ్‌లో 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది, దానికి మరో చోట నకలు లేదు. డిజిటల్ పాలనలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న దేశం అది. మన పొలాల రికార్డులైన అడంగళ్లు, 1బీలకు, జనన మరణ నమోదులకు వేరే ఊళ్లో, వేరే భవనంలో నకలు ఉందా? దాన్ని వెనక్కి తెచ్చే పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది? ఏడాదికోసారి ఆ తేదీ ప్రకటించినా చాలు, నాలాంటివాళ్లు నిశ్చింతగా ఉంటారు.

2021 అక్టోబర్ 4 రాత్రి వాట్సాప్, ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. అప్పుడు ఆగింది కబుర్లే. అదే దరఖాస్తు గడువు ముగిసే రోజున జరిగితే నష్టపోయేది పౌరుడు. అలాంటప్పుడు గడువు దానంతటదే పెరిగేలా ఉత్తర్వు ముందే ఉండాలి.

సోషల్ మీడియా ఫిర్యాదుల గురించి కూడా ఒక మాట. ఎక్స్‌లో మంత్రిని ట్యాగ్ చేస్తే గంటల్లో స్పందన వస్తోంది, మంచిదే. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పట్టుకుని వరుసలో నిలబడినవాడికి అదే వేగం అందాలి. రెండింటికీ ఒకే రిజిస్టరు, ఒకే వరుస నంబరు ఇవ్వండి. అప్పుడు ఎవరి పని ముందు అయిందో ఎవరైనా చూసుకోవచ్చు.

రెండు రాష్ట్రాల ఐటీ శాఖలకూ నా విన్నపం ఇది: రాబోయే శాసనసభ సమావేశాల్లోనే వాట్సాప్ సేవల డేటా షరతులు, నకలు పరీక్ష తేదీ, అంతరాయం వచ్చిన రోజు పాటించే నియమం, ఈ మూడింటినీ సభ ముందు పెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
తెనాలి