గగన్ సంకేతం అందుతోంది, శిక్షణే అందాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన, జీపీఎస్ సంకేతాలను సరిదిద్ది విమానాలకు దారి చూపే ‘గగన్’ వ్యవస్థ సాయంతో 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దిగింది. విమానం దిగడానికి రేడియో సంకేతాలతో దారి చూపే ఖరీదైన ఐఎల్‌ఎస్ పరికరాలు రన్‌వే దగ్గర లేని చిన్న విమానాశ్రయాలకు ఇది ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. ఇదే సేవను పొరుగు దేశాలకూ అందించే విషయంలో మనం ఎందుకు ఇంత నెమ్మదిగా ఉన్నామన్నదే నా ప్రశ్న.

దేశంలోని 15 భూకేంద్రాలు జీపీఎస్ సంకేతాల్లోని దోషాలను ఎప్పటికప్పుడు లెక్కగట్టగా, ఆ సవరణలను జీశాట్-8, జీశాట్-10 వంటి ఉపగ్రహాలు తిరిగి ప్రసారం చేస్తాయి. ఆ ప్రసారం కొలంబోలోనూ ఢాకాలోనూ అందుతుంది. కానీ సంకేతం అందడం వేరు, దాన్ని నమ్మి విమానం దింపడం వేరు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో అయనోస్పియర్ (ఉపగ్రహ సంకేతాలు దాటి రావలసిన, విద్యుదావేశ కణాలున్న పై వాతావరణ పొర) కల్లోలంగా ఉంటుంది కనుక, భూకేంద్రాలకు దూరమయ్యే కొద్దీ సవరణల మీద భరోసా తగ్గుతుంది. శ్రీలంక, మాల్దీవుల వంటి చోట్ల కేంద్రాలు పెట్టుకోవాలంటే ముందు ఒప్పందాలు కావాలి. ఆపైన దిగే మార్గాలను రూపొందించేవారు, వాటిని తనిఖీ చేసి ధ్రువీకరించేవారు, కంట్రోలర్లు, పైలట్లు అందరికీ శిక్షణ కావాలి. యంత్రాలు కొనడం కంటే మనుషులను తయారుచేయడానికే ఎక్కువ కాలం పడుతుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాల ఉమ్మడి సంస్థ ఆసెక్నా 2020లో నైజీరియా ఉపగ్రహం ద్వారా ఇటువంటి సంకేతాల ప్రసారం మొదలుపెట్టింది. ఒంటరిగా ఏ దేశమూ మోయలేని భారాన్ని అవి పంచుకున్నాయి.

శిక్షణకు మనకు వనరులు లేకపోలేదు. ఐక్యరాజ్య సమితి అనుబంధంగా 1995లో డెహ్రాడూన్‌లో ఏర్పడిన అంతరిక్ష విద్యా కేంద్రం ఆసియా-పసిఫిక్ దేశాలవారికి పాఠాలు చెబుతోంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌కే ప్రత్యేకించిన పరిశోధన, శిక్షణ విభాగం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపుతూ, వారి నిపుణులకు శిక్షణ కూడా ఇస్తోంది. గగన్ విషయంలో వీటిని ఒక్క తాటిపైకి తేవాలి.

శిక్షణ విమానాలవారికే చాలదు. గగన్ ఉపగ్రహాల ద్వారానే ఇన్‌కాయిస్ ‘జెమిని’ పరికరం సెల్‌ఫోన్ సిగ్నల్ అందని నడిసముద్రంలో సైతం మత్స్యకారులకు తుపాను హెచ్చరికలు, చేపల జాడ అందిస్తుంది. గుజరాత్ పడవల మీద కూలికి వెళ్లి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. నీటి మీద సరిహద్దు గీత గీసి చూపలేం. పరికరం ఇచ్చి చేతులు దులుపుకోకుండా, దాని వాడకాన్ని రేవుల్లోనే, వారి మాటల్లోనే నేర్పాలి. బంగాళాఖాతంలో వేటాడే శ్రీలంక, బంగ్లాదేశ్ జాలర్లకు కూడా ఇలాంటి సమాచారమే వారి వారి భాషల్లో అందేలా ఆయా ప్రభుత్వాలతో కేంద్రం మాట్లాడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా