కోరీలకు కడుపునిండా మేత కావాలి

సంపాదకులు గారికి,

అక్వేరియం పెంపకం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. కోరిడోరాస్ (ముద్దుగా కోరీ) చేపలు అడుగున మిగిలిన చెత్త తిని తొట్టిని శుభ్రం చేస్తాయని, వాటికి వేరే మేత అక్కర్లేదని రాసిన మాట మాత్రం మింగుడుపడలేదు. అది నమ్మి చాలామంది ఒక్కటంటే ఒక్క కోరీని తెచ్చి వదులుతారు. పాపం, అది చిక్కి శల్యమై చచ్చిపోతుంది.

దక్షిణ అమెరికా వాగుల్లో, నదుల్లో ఇవి గుంపులుగా బతుకుతాయి. ఇసుకలో మూతి పెట్టి పురుగుల్ని ఏరుకుంటాయి, నోట్లోకి వచ్చిన ఇసుకను మొప్పల్లోంచి వదిలేస్తాయి. అందుకే వాటికి మెత్తటి ఇసుక ఉండాలి. పదునైన రాళ్ల మీద, కుళ్లిన మేత పేరుకున్న చోట మీసాలు అరిగిపోతాయి. కనీసం ఆరింటినైనా కలిపి పెంచాలి. రాత్రి లైటు తీసేశాక అడుగుకు మునిగే మేత బిళ్లలు వేయాలి. అప్పుడప్పుడు రివ్వున పైకొచ్చి గాలి మింగి వెళ్తుంటే కంగారుపడనక్కర్లేదు, వాటికి పేగులతోనూ ఊపిరి పీల్చుకునే శక్తి ఉంది. అదేపనిగా వస్తుంటే నీళ్లు పాడైనట్టు అనుమానించాలి.

బాగా మేపితే ఇంట్లోనే గుడ్లు పెడతాయి. నా దగ్గరున్నవి కంచు రంగు కోరీలు. కాస్త చల్లటి నీళ్లు మార్చి పోస్తే వానలు పడ్డాయనుకుని హుషారెక్కుతాయి. ఆడది మగదాని పొట్టకు మూతి ఆనించి కాసేపు కదలకుండా ఉంటుంది. కింది రెక్కల్ని దొన్నెలా దగ్గరకు ముడిచి, అందులోకి కొన్ని గుడ్లు వదులుతుంది. వాటిని అలాగే పట్టుకుని అద్దం వెంట తిరిగి, నచ్చిన చోటును మూతితో శుభ్రం చేసి, అక్కడ అంటిస్తుంది. ఈ కంచు రంగు జాతిలోనే ఆడది వీర్యాన్ని మింగుతుందని, అది పేగుల గుండా చకచకా బయటికొచ్చి గుడ్లను చేరుతుందని జపాన్ పరిశోధకులు 1995లో ప్రకటించారు. ఎన్నిసార్లు చూసినా తనివి తీరని దృశ్యం అది.

పెద్దవి గుడ్లు తినేస్తాయి కాబట్టి వేలితో మెల్లగా దొర్లించి వేరే తొట్టిలోకి మార్చాలి. తెల్లబడ్డవి తీసేయకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. సాధారణంగా 3 నుంచి 5 రోజుల్లో పిల్లలొస్తాయి. పొట్ట కింద సొన సంచి కరిగాక, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి అతి చిన్న జీవి) పిల్లల్ని మేతగా పెట్టాలి.

దయచేసి వచ్చే అనుబంధంలో సవరణ వేయండి. ఫొటో కూడా మార్చండి. వ్యాసంతో పాటు వేసిన తొట్టి అడుగున అన్నీ పదునైన రంగురాళ్లే ఉన్నాయి.

– ఒక పాఠకురాలు