మీటర్ల పనిలో మారుతున్న సంగతులు

లారీ ఓనర్లకు, డ్రైవర్ అన్నలకు నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లోని మా ఎలక్ట్రికల్ షాపులో వచ్చే నెల నుంచి కొన్ని పనులు ఆపేస్తున్నాం. డ్యాష్‌బోర్డు మీటర్ల బిగింపు కూలి కూడా పెంచుతున్నాం. బండి తెచ్చాక గొడవ వద్దని ముందే చెబుతున్నా.

ఛార్జింగ్ కరెంటు ఎంతో చూపించే అమ్మీటరు ఇక బిగించం. పాత డ్రైవర్లకు అదే అలవాటు, కాదనను. కానీ దానికి ఛార్జింగ్ కరెంటంతా క్యాబిన్‌లోకి వచ్చి వెళ్లాలి. ఆ లావు కేబులు డ్యాష్‌బోర్డు వెనక రేకుకి ఒరుసుకుంటే మంటలే. వోల్టు మీటరుకు ఫ్యూజు వేసిన రెండు సన్న వైర్లు చాలు. 24 వోల్టుల బండిలో ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 27.5 నుంచి 28.5 మధ్య చూపించాలి. 25 దాటకపోతే బెల్టు, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోలోని బ్రష్‌లు చూపించుకోండి. 30కి పోతుంటే వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ మీద అనుమానం. బ్యాటరీ నీళ్లు ఆవిరవుతాయి, బల్బులు మాడతాయి. డ్యాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర లైటు వెలగలేదు కదా అంటారు కొందరు. డైనమో అరకొరగా ఛార్జ్ చేస్తున్నా ఆ లైటు ఆరిపోయే ఉండొచ్చు.

24 వోల్టుల బండిలో ఉండే రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే మ్యూజిక్ సెట్టుకు కరెంటు లాగే పని కూడా ఇక చేయం. ఈ గిరాకీ పోతుందని తెలుసు. అలా లాగితే ఆ బ్యాటరీ తరుగుతూ ఉంటుంది, పక్కది ఓవర్‌ఛార్జ్ అవుతుంది. రెండూ కలిపి మీటరు మాత్రం నిక్షేపంగా 28 చూపిస్తుంది! 24 వోల్టులను 12 చేసే కన్వర్టరు పెట్టించుకోండి, బ్యాటరీల జత కంటే చవకే.

ఆయిల్ పైపును నేరుగా క్యాబిన్‌లోకి తెచ్చే ప్రెషర్ మీటరూ వద్దు. పైపు పగిలితే కాళ్ల మీద మరిగే ఆయిల్. ఇంజిన్ దగ్గర సెన్సర్, లోపలికి వైరు, అంతే.

టెంపరేచర్ మీటరు ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మారేడుమిల్లి లాంటి ఘాట్ ఎక్కుతుంటే ముల్లు పైకెళ్లి ఉన్నట్టుండి పడిపోయిందంటే హమ్మయ్య అనుకోవద్దు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. నీళ్లు కారిపోతే ఇంజిన్ కాలిపోతున్నా అది తక్కువే చూపించవచ్చు. వెంటనే బండి ఆపండి, చల్లారాకే రేడియేటర్ మూత తీయండి.

ఇక కూలి సంగతి. బిగించే ముందు ఎర్తు వైర్లు, బెల్టు చూసి, లైట్లన్నీ వేసి వోల్టేజీ చూస్తాం. పెంచింది ఆ పనికే. చూశాక మీటరు అక్కర్లేదనిపిస్తే అమ్మం, చూసిన కూలి మాత్రం ఇవ్వాలి. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లలో కంపెనీ వైరింగ్ కోయమని అడగొద్దు, కరెంటు బ్యాటరీ దగ్గరే తీసుకుంటాం. లోడు దింపాక, ఇంజిన్ వేడి మీద ఉండగానే తీసుకురండి. అప్పుడే ఆయిల్ ప్రెషర్ అసలు లెక్క తెలుస్తుంది.