జామెట్రీ బాక్సులో ఖైనీ ప్యాకెట్

తల్లిదండ్రులకు నమస్కారం.

ఫిబ్రవరి వచ్చేసింది. పదో తరగతి పిల్లలకు ప్రీఫైనల్స్, పొద్దున ఎనిమిదింటికే స్పెషల్ క్లాసులు. ఇంట్లో మీకూ, బడిలో మాకూ టెన్షనే. అందుకే ఈ నెల సిలబస్ సంగతి పక్కనపెట్టి వేరే విషయం రాస్తున్నాను.

నిరుడు ఇవే రోజుల్లో ఒక అబ్బాయి జామెట్రీ బాక్సులో, స్కేలు కింద, నాలుగు మడతలు పెట్టిన ఖైనీ ప్యాకెట్ దొరికింది. అరచేతి మధ్యలో ఇంకా సున్నం మరక ఉంది. ఎందుకు నాన్నా అని అడగాల్సింది పోయి, క్లాసు ముందు నిలబెట్టి తిట్టాను. మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వాళ్లమ్మ వెంట వచ్చి, తల ఎత్తకుండానే ఒక్క మాట అన్నాడు: "అది పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుంది మేడమ్."

వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి నిజంగానే అలా అనిపించింది. ఎందుకో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను.

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కితే అక్కడ కొద్దిగా కరెంటు తగిలేలా చేశారు. కొన్ని ఎలుకలు గంటకు వందలసార్లు ఆ మీట నొక్కాయి. "ఇది బాగుంది, మళ్లీ చెయ్యి" అని చెప్పే దారి మెదడులో ఉందని అలా బయటపడింది. ఆ దారిలో ముఖ్యమైన రసాయనం డోపమైన్. ఆకలిమీద తిన్న అన్నం, కబడ్డీలో గెలుపు, నాన్న మెచ్చుకోలు అన్నీ దాన్ని కదిలిస్తాయి. ఖైనీలోని నికోటిన్, మద్యం, గంజాయి కూడా అదే దారిలో దూరతాయి. రోజూ దూరుతుంటే మెదడు దానికి సర్దుకుపోతుంది. అప్పుడు మామూలు సంతోషాలు చప్పబడతాయి, ఖైనీ లేని గంట చిరాగ్గా గడుస్తుంది. ఆ చిరాకును ఖైనీయే తెచ్చింది, మళ్లీ ఖైనీయే తీరుస్తుంది. పిల్లవాడు మాత్రం టెన్షన్ తగ్గిందనుకుంటాడు. అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు చేసినట్టు.

పైగా "వద్దు, ఆగు" అని చెప్పే నుదుటి వెనుక భాగం పూర్తిగా ఎదగడానికి సుమారు పాతికేళ్లు పడుతుంది. కోరిక ముందు ఎదుగుతుంది, కళ్లెం తర్వాత వస్తుంది.

నన్ను బాగా కదిలించింది ఇంకో ప్రయోగం. హెరాయిన్‌కు అలవాటుపడ్డ ఎలుకలకు మీట నొక్కినా మందు రాకుండా చేశారు. కొన్నాళ్లకు అవి నొక్కడం మానేశాయి. తర్వాత కాళ్లకు చిన్న షాక్ ఇచ్చారు. మందు లేకపోయినా మళ్లీ మీట దగ్గరికే పరిగెత్తాయి. భయం, ఒత్తిడి కూడా పాత అలవాటును అలా నిద్రలేపుతాయి. పిల్లల్ని ఎలుకలతో పోల్చడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ రోజు క్లాసులో నేను చేసింది ఆ షాక్ ఇవ్వడమే. తప్పు నాది.

చూసీచూడనట్టు వదిలేయమని కాదు నేను చెప్పేది. మీకు ప్యాకెట్ కనిపిస్తే, నోట్లో వాసన వస్తే, ఆ రాత్రికి చెయ్యి చేసుకోవద్దు, బంధువుల ముందు ఆ మాట ఎత్తవద్దు. ఏ వేళకు కావాలనిపిస్తోంది, ఎవరితో ఉన్నప్పుడు, ఏ పేపరు ముందు అని అడగండి. అలవాటు ముదిరితే ఇంట్లోనే దాచుకోకండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

పదో తరగతికి ఆటల పీరియడ్ తీసేయమని కొందరు అడిగారు. తీసేయను. ఆ నలభై నిమిషాల పరుగు మెదడులోని అదే దారికి మంచి మేత. రాత్రి పదిన్నర దాటాక చదివించకండి, నిద్ర సరిపోని పిల్లలకు ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది.

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ఎక్కడైనా అమ్ముతుంటే నాకు చెప్పండి, ఫిర్యాదు నేను రాస్తాను.

ఈ నెల ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదున్నర వరకు నా గదిలోనే ఉంటాను. పిల్లల్ని వెంటపెట్టుకుని రండి. చెప్పిన సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. ప్రోగ్రెస్ కార్డు తేనక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు